దొరగారి తలుపు

దొరగారు పోయి నెల తిరక్కుండానే టీచరమ్మ రెండు నిర్ణయాలు తీసేసుకుంది. కారు వెనక తలుపు ఇక ఎవరూ తెరవకూడదన్నది మొదటిది. తన దగ్గర కారు నేర్చుకుంటున్న నర్సమ్మకి లైసెన్సు చేతికి రాగానే డ్రైవింగ్ స్కూలు మూసెయ్యాలన్నది రెండోది. మొదటిదానికి కారణం ఎవరికీ చెప్పలేదు. రెండోదానికి మాత్రం మోకాళ్ల నొప్పులని చెప్పింది. ఆ మోకాళ్లతోనే ఆవిడ రోజూ పొద్దున్నే మేడమెట్లు గబగబా ఎక్కి బట్టలు ఆరేసి వస్తోందని ఇంట్లోవాళ్లకీ తెలుసు, ఎదురింటివాళ్లకీ తెలుసు. అయినా దుఃఖంలో ఉన్న మనిషి ఏ నొప్పి చెబితే ఆ నొప్పే అనుకోవాలి గానీ, ఆరాలు తీయకూడదు.

దొరగారంటే కుక్క. ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే ఎవరో పెద్దమనిషి పోయాడనుకుని మీరు కూడా మొహం అదోలా పెట్టుకుని కూర్చుంటారు. గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి నిటారుగా, రెండోది వాలిపోయి, గడ్డం కింద తెల్లటి వెంట్రుకలు. చూడ్డానికి రిటైరైన హెడ్మాస్టరులా ఉండేవాడు. ఏ జాతండీ అని ఎవరైనా అడిగితే టీచరమ్మ "మా జాతే" అనేది.

దొరికింది శిక్షణ మైదానంలో. మూతపడ్డ గోదాము వెనక ఖాళీ స్థలంలో డ్రమ్ములు వరసగా పెట్టి, వాటి మధ్య కారు తిప్పించడం టీచరమ్మ పద్ధతి. ఒక ముసురు పట్టిన మధ్యాహ్నం, ఆవిడ దగ్గర నేర్చుకుంటున్న టైలరు కారు వెనక్కి తీస్తూ కుయ్యిమన్న చప్పుడు విన్నాడు. ఎవర్నో గుద్దేశాననుకుని స్టీరింగు వదిలేసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. అదృష్టంకొద్దీ టీచరమ్మ కాళ్లదగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. దిగి చూస్తే కారుకి చాలా దూరంలో, పాత ఇనపతీగల కుప్పలో వెనక కాలు ఇరుక్కుని ఒక కుక్క. ఎన్నాళ్లనుంచి ఉందో గానీ, అరిచే ఓపిక కూడా అయిపోయి ఉండుండి మూలుగుతోంది. టీచరమ్మ డిక్కీలోంచి కటింగ్ ప్లయర్ తీసి బురదలోనే కూర్చుంది. టైలరు గొడుగు పట్టాడు, సలహాలిచ్చాడు, కుక్క ఇటు తిరిగినప్పుడల్లా తను అటు జరిగాడు. ఆ తర్వాత కనబడ్డవాళ్లందరికీ "మేమే కాపాడాం" అని చెప్పుకున్నాడు. గొడుగు పట్టినమాట నిజమే గనక టీచరమ్మ ఏమీ అనలేదు.

పశువుల డాక్టరు కాలికి కుట్లేసి, "బతుకుతుంది గానీ ఇక గెంతలేదు" అన్నాడు. ఇంటికి తెచ్చి కారు ఆపితే అది వెనక సీట్లోంచి దిగలేదు. పిలిచినా దిగలేదు, బిస్కెట్టు చూపించినా దిగలేదు. ముందు సీట్ల మధ్యలోంచి రమ్మంటే, అది నౌకర్లు వచ్చే దారి అన్నట్టు మొహం తిప్పుకుంది. చివరికి టీచరమ్మ చుట్టూ తిరిగి వెళ్లి వెనక తలుపు బార్లా తీసి పక్కకి తప్పుకుంటే, అప్పుడు ఒళ్లు విరుచుకుని, ముందుకాళ్లు కింద పెట్టి, అటూ ఇటూ చూసి, తీరిగ్గా కుంటికాలు దించింది.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న అత్తగారు, "దొరగారు దిగారా?" అంది మూతి తిప్పుకుంటూ. ఆ పేరే ఖాయమైపోయింది.

అత్తగారికి కుక్కలంటే పడదు. "నా కంఠంలో ప్రాణం ఉండగా అది ఈ గడప దాటడానికి వీల్లేదు" అని ఆ రోజే తేల్చి చెప్పింది. మాట నిలబెట్టుకుంది కూడా. వారం తిరిగేసరికి తన కుర్చీనే గడప బయటికి, వరండాలోకి జరుపుకుంది. ఉడికించిన గుడ్డులో పచ్చసొన తనకి సరిపడదంటూ వాడికి పెట్టేది. ఆ సరిపడకపోవడం దొరగారు వచ్చాకే మొదలైంది. ఇక టీచరమ్మ భర్తకి ప్రింటింగు ప్రెస్సులో ఉద్యోగం. రోజంతా అక్షరాల మధ్య గడిపే మనిషి, ఇంటికొచ్చాక ఒక్క అక్షరం కూడా ఖర్చుపెట్టడు. ఆయన ఉలుకూ పలుకూ లేకుండా పాత దుప్పటి ఒకటి నాలుగు మడతలు పెట్టి కారు వెనక సీట్లో పరిచాడు.

అప్పట్నుంచి టీచరమ్మ ఎవరికి నేర్పినా వెనక సీట్లో దొరగారు ఉండాల్సిందే. నేర్చుకునేవాళ్లు క్లచ్చి ఒక్కసారిగా వదిలేసి కారుని కుదిపేస్తే, వాడు వెనకనుంచి పెద్దగా నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పుకి బ్యాంకు మేనేజరంతటివాడికి చెవులు ఎర్రబడేవి. మలుపులో దురుసుగా తిప్పితే లేచి నిలబడి, అద్దంలోంచి నడిపేవాడి కళ్లలోకి చూసేవాడు. బండి సాఫీగా పోతే మాత్రం గడ్డం సీటుమీద ఆనించి నిద్రపోయేవాడు. బయల్దేరిందగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా దొరగారు నిద్ర లేవకపోతే ఆ మనిషి పరీక్షకి పనికొస్తాడని టీచరమ్మ లెక్క. అలా పంపినవాళ్లు దాదాపు అందరూ నెగ్గుకొచ్చారు.

అన్నిటికన్నా ముఖ్యమైంది చివరి పాఠం. కారు ఆపగానే హ్యాండ్‌బ్రేకు వెయ్యాలి, న్యూట్రల్ చెయ్యాలి, తాళం తియ్యాలి. అద్దంలో చూడాలి. అద్దాన్ని నమ్మకుండా మెడ తిప్పి మళ్లీ చూడాలి. అప్పుడు దిగి, కారు వెనకనుంచి తిరిగి వచ్చి, ఇంకోసారి రోడ్డు చూసి, దొరగారికి తలుపు తియ్యాలి. "ఏ సైకిలో స్కూటరో మీదికొస్తే మీరూ నేనూ పక్కకి గెంతుతాం. వాడు గెంతలేడు. మీరు చూసి తీస్తేనే వాడికి బతుకు" అనేది టీచరమ్మ. మర్యాదస్తులూ కోపిష్ఠులూ, తిన్నగా కూర్చోవడం చేతకానివాళ్లూ, అందరూ ఆ తలుపు తీసినవాళ్లే.

నర్సమ్మ వాళ్లలో ఆఖరిది. పెద్దాసుపత్రిలో పని చేస్తుంది. మందుల వ్యాను ఊరి చివర కాలనీలకి నడుపుకెళ్లే పని తనకి కావాలని ఆమె పట్టు. లైసెన్సు ఉంటే గానీ ఇవ్వం అన్నారు పైవాళ్లు. ఎంతటి గాయం చూసినా బెదరని మనిషి, పరీక్షలో పక్కన ఇన్‌స్పెక్టరు కూర్చుంటే చాలు, కుడి ఏదో ఎడమ ఏదో మర్చిపోతుంది. రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే ఆ వ్యాను ఇంకెవరికో ఇచ్చేస్తారు.

ఆమె నడిపిన ఒక సాయంత్రం దొరగారు మైదానంలో మొదలుపెట్టి ఇంటిదాకా నిద్ర లేవలేదు. నర్సమ్మ ఆనందం పట్టలేక టీచరమ్మని కావలించుకుంది. మర్నాడు పొద్దున అత్తగారు పచ్చసొన పట్టుకెళ్లి వరండాలో పిలిస్తే దొరగారు లేవలేదు. వయసైపోయిందమ్మా, అంతే, అన్నాడు పశువుల డాక్టరు. "పోనీలే, పీడా వదిలింది" అంది అత్తగారు. అని, ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇక అప్పట్నుంచి టీచరమ్మకి కాలు నిలవడం లేదు. ఎదురుగా ఏమీ లేకపోయినా తన వైపు బ్రేకు తొక్కేస్తోంది. చెత్తబుట్ట కనిపించినా తొక్కుతోంది, నీడ కనిపించినా తొక్కుతోంది. ఇన్నేళ్లూ బండి బాగా పోతోందో లేదో ఆవిడకి వెనకనుంచే తెలిసేది. ఇప్పుడు వెనక చప్పుడు లేదు. నిద్రపోతున్నందువల్ల చప్పుడు లేకపోవడం వేరు, ఇది వేరు. ఈ సంగతి ఆవిడకి ఒక్కదానికే తెలుసు, చెప్పుకుంటే నవ్వుతారని భయం. ఒక కుక్క కోసం ఇంత వయసొచ్చిన మనిషి ఏడిస్తే బాగుండదని, స్నానాలగదిలో కొళాయి తిప్పి మరీ ఏడ్చేది.

దానికి తోడు నర్సమ్మ చెయ్యి. కారు ఆపిన ప్రతిసారీ అద్దంలో చూసి, మెడ తిప్పి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి వెనక తలుపు తీసేస్తోంది. ఖాళీ సీటు, మడత నలిగిన దుప్పటి, దానిమీద నాలుగు వెంట్రుకలు. తలుపు తీసినప్పుడల్లా టీచరమ్మ మొహం అటు తిప్పేసుకునేది.

"తియ్యొద్దని చెప్పానా?"

"నేను తియ్యట్లేదండీ, చెయ్యే పోతోంది."

"కొత్త ఇన్‌స్పెక్టరు మహా కచ్చితమట. చెప్పనిది చేస్తే తప్పించేస్తాడట. నీ వ్యాను నీకు కావాలా వద్దా?"

"కావాలండీ" అంది నర్సమ్మ. కాసేపు తాళంచెవి వేళ్ల మధ్య తిప్పుకుని, "టీచరమ్మా, ఒకటడగనా? ఆ రోజు దొరగారు నా డ్రైవింగు బాగుండే నిద్రపోయాడంటారా? లేక పాపం ఒంట్లో ఓపిక లేకనా?" అంది.

ఆ ప్రశ్న టీచరమ్మ కూడా చాలాసార్లు వేసుకుంది. "పద, ఇంకో చుట్టు తిప్పు" అంది. ఆ చుట్టులోనూ బ్రేకు మీంచి కాలు తియ్యలేదు.

పరీక్ష రోజు పొద్దున అత్తగారు ఎప్పట్లాగే గుడ్లు ఉడికించింది. పచ్చసొన తీసి సాసర్లో వేసి, గడపదాకా వెళ్లి, ఆగి, వెనక్కి తెచ్చి తనే నోట్లో వేసుకుంది. ఆ సరిపడకపోవడం ఏమైపోయిందో మరి.

"ఈవేళ్టితో ఆఖరా?" అని అడిగింది కోడల్ని.

"ఆఖరే అత్తయ్యా. ఎవరైనా ఫోను చేస్తే స్కూలు లేదని చెప్పండి."

"చెబుతాలే" అంది అత్తగారు, అటు తిరిగి.

లైసెన్సుల ఆఫీసు వెనక పరీక్ష ఆవరణ. సున్నం గీతలు, రబ్బరు కోన్లు, ఒక వారగా ఎత్తుగడ్డ. కొత్త ఇన్‌స్పెక్టరు సన్నగా, ఇస్త్రీ నలగని చొక్కాతో ఉన్నాడు. నవ్వడం ఆయన డ్యూటీలో లేదని చూడగానే తెలుస్తుంది. నర్సమ్మ పక్కన కూర్చుని బెల్టు పెట్టుకుని, "కానివ్వండి" అన్నాడు. టీచరమ్మ గోడవార నిలబడింది. తొక్కడానికి బ్రేకు లేక, కాలితో నేలని నొక్కిపెట్టుకుంది.

నర్సమ్మ ఆ రోజు బ్రహ్మాండంగా నడిపింది. ఎత్తుగడ్డ మీద ఆపి, అంగుళం వెనక్కి జారకుండా ఎక్కించింది. కోన్ల మధ్య కారు వెనక్కి తీస్తే ఒక్కటీ కదల్లేదు. తిన్నగా వచ్చి టీచరమ్మ నిలబడ్డచోటే గీతల మధ్య ఆపింది. హ్యాండ్‌బ్రేకు వేసింది, న్యూట్రల్ చేసింది, తాళం తీసింది. గట్టెక్కేశాం అనుకుంది టీచరమ్మ. అంతలో నర్సమ్మ అద్దంలో చూసింది. మెడ తిప్పి చూసింది. దిగింది. కారు వెనకనుంచి తిరిగి వస్తుంటే టీచరమ్మ గోడవారనుంచి వద్దు వద్దని తల అడ్డంగా ఊపింది. నర్సమ్మ అదేమీ చూడలేదు. రోడ్డు వైపు ఇంకోసారి చూసి, వెనక తలుపు బార్లా తీసి, పక్కకి తప్పుకుని నిలబడింది.

కొంప మునిగిందని ఆమెకి అప్పుడు తెలిసింది. తలుపు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఇన్‌స్పెక్టరు ముందు సీట్లోంచి దిగి, తెరిచిన తలుపునీ ఖాళీ సీటునీ ఎగాదిగా చూశాడు. "ఎవరికోసం తీశారు?"

"అలవాటండీ" అంది నర్సమ్మ.

"వెనక ఎవరూ లేరు కదా."

"లేరండీ."

"మరి?"

నర్సమ్మ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆ పిల్ల వ్యాను తన కళ్లముందే పోతోందని టీచరమ్మకి తెలుసు. నవ్వితే నవ్వారని ముందుకొచ్చింది.

"మా కుక్కకండీ. కాలు బాగుండేది కాదు, గెంతలేడు. తలుపు తీస్తేనే దిగేవాడు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లందరికీ నేనే అలా నేర్పాను, ఈ అమ్మాయి తప్పేం లేదు. వాడు మొన్నీమధ్యే పోయాడు. తలుపు తియ్యొద్దని చెబుతూనే ఉన్నాను. నాకు చూడ్డానికి..." కొళాయి ఏదీ లేకపోయినా అందరి ముందూ ఏడ్చేసింది.

ఇన్‌స్పెక్టరు ఆ ఖాళీ సీటు వైపు మళ్లీ చూశాడు. తర్వాత సందేహంగా అడిగాడు. "మీ దగ్గర పొడుగాటి మనిషొకడు నేర్చుకున్నాడా? స్టీరింగు మీద దరువేస్తూ పాడతాడు. గొంతు బాగుండదు."

"గాయకుడా?" అంది టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ. "వాడు పాడితే దొరగారు కూడా అందుకునేవాడు. అంటే మా కుక్కేనండీ. ఎవరి గొంతు ఎవరిదో తెలిసేది కాదు."

"నేను ఇదివరకు పనిచేసిన ఊళ్లో నా జీపు డ్రైవరు అతనే. మొదట్లో నేను ముందు సీట్లోనే కూర్చునేవాణ్ణి. జీపు ఆగగానే అతను దిగి, చుట్టూ తిరిగి వచ్చి, వెనక తలుపు తీసి నిలబడేవాడు. నేను ముందునుంచి దిగి చూస్తే అతను వెనక తలుపు పట్టుకుని ఉండేవాడు. పాపం అంత మర్యాద చేస్తుంటే బాగుండదని నేనే వెనక సీట్లోకి మారాను. ఉన్నన్నాళ్లూ అక్కడే కూర్చున్నాను." ఆయన చొక్కా సర్దుకున్నాడు. "మా ఇంట్లో కూడా గొప్పగా చెప్పుకున్నాను, డ్రైవరు నాకు తలుపు తీస్తాడని."

నర్సమ్మకి నవ్వొచ్చింది. నవ్వితే ఏమవుతుందోనని పెదవి కొరుక్కుంది.

"మంచివాడేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"గాయకుడాండీ?"

"కాదు. దొరగారు."

"మంచివాడేనండీ. కాస్త గర్వం."

"ఉంటుంది" అన్నాడాయన. "ఆ సీట్లో కూర్చుంటే వస్తుంది."

నర్సమ్మ వైపు తిరిగి, తలుపు తీసేముందు వెనక చూసుకునేవాళ్లు తనకి రోజుకి ఒక్కరు కూడా తగలరనీ, ఆమె చూసినన్నిసార్లు చూసిన మనిషిని అసలు ఎరగననీ చెప్పాడు. పాసైనట్టు ఆమెకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవర్ని కావలించుకోవాలో తెలియక వెనక తలుపునే కావలించుకుంది.

తిరుగుదారిలో నర్సమ్మే నడిపింది. టీచరమ్మ పక్కన కూర్చుని ఇన్‌స్పెక్టరు చెప్పిన ఊళ్లోని జీపు గురించీ, అక్కడి వీధుల గురించీ ఆలోచించింది. దొరగారు ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. అయినా అక్కడ ఒకడు వాడికోసం రోజూ తలుపు తీస్తూనే ఉన్నాడు. ఇక్కడ బ్యాంకు మేనేజరూ టైలరూ కూడా తీస్తూనే ఉండి ఉంటారు. మానేసింది తనొక్కతే. అలా అనుకుంటుంటే కిటికీలోంచి గాలి చల్లగా తగిలింది.

"టీచరమ్మా, ఇల్లొచ్చింది" అని నర్సమ్మ భుజం తడితే గానీ ఆవిడకి మెలకువ రాలేదు. ఆఫీసు గేటు దాటిందగ్గర్నుంచి నిద్రే. కాలు బ్రేకు మీద లేదు, సీటు కిందికి ముడుచుకుని ఉంది.

"ఎంతసేపు పడుకున్నాను?"

"మొత్తం దారంతా" అంది నర్సమ్మ. ఆమె మొహం వెలిగిపోతోంది. దొరగారి నిద్ర గురించిన ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

ఆమె వెళ్లిపోయాక టీచరమ్మ కారు పక్కనే నిలబడింది. వీధి అటూ ఇటూ చూసింది. కారు వెనకనుంచి తిరిగి వచ్చి వెనక తలుపు తీసింది. ఒళ్లు విరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో, ముందుకాళ్లు పెట్టడానికి, అటూ ఇటూ చూడ్డానికి, కుంటికాలు దించడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ పక్కకి తప్పుకుని నిలబడింది. తర్వాత చప్పుడు కాకుండా వేసింది. గట్టిగా వేస్తే వాడికి నచ్చేది కాదు.

వరండాలో కుర్చీలోంచి అత్తగారు ఇదంతా చూసింది. "దొరగారు దిగారా?" అంది. ఈసారి మూతి తిప్పలేదు.

"దిగారు అత్తయ్యా."

"మంచిది. రేపు పొద్దున్నే బేకరీ అమ్మాయి వస్తుంది, కారు నేర్చుకోవడానికి. ఫోను చేస్తే రమ్మన్నాను."

"స్కూలు లేదని చెప్పమన్నాను కదా?"

"నాకు చెవులు సరిగా వినబడవమ్మాయ్" అంది అత్తగారు. వీధి మలుపులో పాలబండి హారను కొడితే ముందుగా లేచేది ఆవిడే.

బేకరీ అమ్మాయి మర్నాడు చేతులకి పిండితోనే వచ్చింది. క్లచ్చి వదిలిన ప్రతిసారీ కారు ఎగిరెగిరి పడింది. టీచరమ్మ ఒకటి రెండుసార్లు వెనకనుంచి నిట్టూర్పు కోసం చెవి ఒగ్గింది. తర్వాత ఆ నిట్టూర్పేదో తనే విడిచింది. అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. ఇంటిముందు కారు ఆపాక హ్యాండ్‌బ్రేకు, న్యూట్రల్, తాళం, అద్దం, మెడ, అన్నీ వరసగా చెప్పి చేయించింది. దిగి చుట్టూ తిరిగి రమ్మంది. వెనక తలుపు దగ్గర ఆ అమ్మాయి ఆగిపోయింది. లోపల మడతపెట్టిన దుప్పటి తప్ప ఏమీ లేదు.

"ఇక్కడ ఎవరూ లేరు కదండీ?"

"రోడ్డు చూశావా?"

"చూశానండీ."

"అయితే నెమ్మదిగా తియ్యి" అంది టీచరమ్మ. "ఆయనకి కాలు బాగుండదు."